సోమవారం తలనొప్పి

మొన్న మా కోడలు కణతలు పట్టుకొని ఆఫీసు నుంచి వచ్చి, ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పి గురించి తమకెవరో ఉపన్యాసమిచ్చారని, దాని కోసం అందరినీ పని అయ్యాక ఇంకో గంట కూర్చోబెట్టారని చెబితే, ఇంతకన్నా సిగ్గులేని వైద్యం ఉంటుందా అనిపించింది.

పెళ్లయిన కొత్తలో నేను ఇబ్రహీంపట్నం నుంచి యాచారం దారిలోని ఒక ప్రైవేటు బడికి బస్సులో పోయి, మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. బడి యజమానికి తన పేరు తప్పుల్లేకుండా రాయడం రాదు గానీ, పొద్దున్నే గేటు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడి, డిగ్రీలు చదివిన ఆడవాళ్లను పిల్లల ముందర కడిగేయడం మాత్రం బాగా వచ్చు. బస్సు ఊరు దాటగానే నా మెడ బిగుసుకునేది, గేటు కనబడేసరికి కుడి కణతలో సుత్తి దెబ్బలు మొదలయ్యేవి. మా అత్తమ్మ శొంఠి పట్టు వేసింది, మా ఆయన కళ్లద్దాలు కొనిపెట్టాడు, ఎవరో దిష్టి అంటే అదీ తీయించారు.

చివరికి దవాఖానలో ఒక డాక్టరమ్మ నా తల సంగతి వదిలేసి భుజాల మీద చెయ్యి వేసింది.

"ఇవి చెవులదాకా ఎందుకు ఎత్తిపెట్టినవ్? పండ్లు గట్ల కొరుకుతున్నవేంది? నొప్పి ఆదివారం లేస్తదా?"

లేవదన్నాను.

"మరి సోమవారం ఎవలకు భయపడుతున్నవ్?"

నాకు రోషమొచ్చి, నేనెవరికీ భయపడనని గోలీలు తీసుకొని వచ్చేశాను.

ఆ వారమే, మనవరాలికి జ్వరమని ఆలస్యంగా వచ్చిన మా పెద్ద టీచరక్కను ఆ యజమాని బడి ప్రార్థన అయ్యేదాకా ఎండలో నిలబెట్టాడు. మేమంతా నేల చూస్తున్నాం. నొప్పికి నా కళ్లు మసకబారాయి. వరుసలోంచి ఎలా కదిలానో తెలియదు, పోయి ఆమె పక్కన నిలబడ్డాను.

"నువ్వెందుకొచ్చినవ్?" అని అరిచాడు.

"అక్కను లోపటికి పోనియ్యి సారూ. నేనైతే రేపటిసంది రాను," అన్నాను.

ఇంకెవరూ కదలలేదు. టీచరక్క అయితే ఆయనకే క్షమాపణ చెప్పుకొని, నావైపు చూడకుండా లోపలికి పోయింది. ఆమెను కూడా ఈసడించుకుంటూ బస్సెక్కాను. నొప్పి రెండు నెలలు సతాయించి, మెల్లగా వదిలింది.

ఆయన మీద అసహ్యం ఇప్పటికీ పోలేదు, దానికి నాకు బాధ లేదు. ఇప్పటి పిల్లలు కనీసం నొప్పికి పేరు పెట్టి నలుగురిలో చెప్పుకుంటున్నారు. మేము రోజూ ఒకే గదిలో టిఫిన్ డబ్బాలు విప్పుకున్న ఆడవాళ్లం, టీచరక్క నా పక్కనే కూర్చునేది. అక్కా, నీకు కూడా తల నొస్తదా అని నేనొక్కనాడూ అడగలేదు.