ఎవరికి మోగాలో వాళ్లకే

వడమాలపేట దాటాక పుత్తూరు దారిలో ఉన్న కల్యాణమండపంలో రెబెకాకు ఒక బల్ల, ఒక కుర్చీ, తలమీద ఒక ఫ్యాను ఉన్నాయి. ఇంతేనా అనిపిస్తుంది గానీ, అదే మండపం వెనక తొట్టి దగ్గర వాళ్లమ్మ గ్రేసీ ఏళ్ల తరబడి పెళ్లి గంగాళాలు తోమింది. వెనక వాకిలి నుంచి ముందు గదిలోకి రావడానికి ఆ ఇంటికి ఒక తరం పట్టింది. అందుకే రెబెకా ఆ కుర్చీలో కాస్త నిటారుగానే కూర్చుంటుంది. కూర్చోనీయండి, ఎవరి సొమ్మేం పోయింది?

ఆమె పని మండపం క్యాలెండరు చూసుకోవడం. ఓనరు సుబ్బన్న తిరుపతిలో ఫోన్ల అంగడివాళ్లను అడిగి, పనివాళ్లందరి ఫోన్లలోనూ ఒకే క్యాలెండరు పెట్టించాడు. ఏ రోజు ఎవరి పెళ్లి, పూలబండి ఎప్పుడు, నీళ్ల ట్యాంకరు ఎప్పుడు, అన్నీ అందులోనే. సుబ్బన్నది పెద్ద చెయ్యి, రిమైండర్ల దగ్గర మరీ పెద్దది. ప్రతి పనికీ ముందురోజు ఒకసారి, గంట ముందు ఒకసారి, పది నిమిషాల ముందు ఇంకోసారి మోగేది. అదీ అందరికీ. పూలబండి వస్తుందంటే జనరేటరు గిరికి మోగేది, జనరేటరుకు డీజిలు పోయాలంటే వంటలు చేసే వరలక్ష్మమ్మకు మోగేది. తన బీపీ మాత్రను కూడా సుబ్బన్న అందులోనే ఎక్కించాడు. పొద్దున్నే మండపమంతా గొల్లుమంటే వరలక్ష్మమ్మ పొయ్యి దగ్గర నుంచే, "అయ్యా, మాత్ర ఏసుకున్నారా?" అని కేక పెట్టేది. అన్నిటికీ మించి రాహుకాలం. ఆయనకు దాని పట్టింపు ఎక్కువ. రోజుకో వేళకు వస్తుంది కదా, మరిచిపోతామని వారం మొత్తానికీ ఎక్కించేశాడు.

ఇన్ని మోగినా ఆయనకు తృప్తి లేక, మధ్యలో ఫోను కూడా చేసేవాడు. ఆదివారం చర్చిలో కూర్చున్నా రెబెకా ఫోను అదిరేది. ఆమె చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోతుంటే, ప్రార్థనలో ఉన్న గ్రేసీ కళ్లు తెరవకుండానే నిట్టూర్చేది.

ఒక శుక్రవారం కొంప మునిగినంత పనైంది. తాళి పదిన్నరలోపే పడాలి. పెళ్లికూతురి జడ ఆలస్యమైంది. పెళ్లికొడుకు తాళి పట్టుకుని వంగాడో లేదో, చుట్టూ ఉన్న పనివాళ్ల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. గిరి ఫోను వేదిక పక్కనే స్పీకరు మీద ఉంది. పెళ్లికూతురి మేనత్త దాన్ని తొంగి చూసి, "అయ్యో, రాహుకాలమంట!" అని అరిచింది. పెళ్లికొడుకు చెయ్యి ఆగిపోయింది.

"దానికింకా పది నిమిషాలుండాది. కట్టు నాయనా!" అని పంతులుగారు గద్దించబట్టి గండం గడిచింది.

సుబ్బన్నకు తల కొట్టేసినట్టయింది. అందరినీ ఫోన్లు సైలెంటులో పెట్టమన్నాడు. వాళ్లు దానికోసమే కాచుకున్నట్టు పెట్టేశారు. ఇక ఏదీ ఎవరికీ వినపడలేదు. తర్వాతి పెళ్లిలో, మే నెల ఎండలో, భోజనాల మధ్య కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు చుక్క లేదు. పెళ్లివాళ్లు విస్తళ్లతో విసురుకుంటూ పెట్టిన శాపనార్థాలు సుబ్బన్న చెవులారా విన్నాడు.

"ఈ క్యాలెండరూ వద్దు, దాన్ని సూసేదానికి ఒక మనిషీ వద్దు. మునుపటి మాదిరి గోడమీద రాసుకుందాం" అన్నాడు.

ఆ మనిషి రెబెకానే. ఇంటికి పోయి అమ్మకు ఏ ముఖంతో చెప్పాలి?

"సార్, అందరికీ అన్నీ మోగితే ఎవురికీ ఏదీ ఇనపడదు. వచ్చే పెళ్లి దాకా దీన్ని నాకు ఇడిసిపెట్టండి. అప్పుడు గూడా ఇట్లే అయితే నేనే తాళాలిచ్చేసి పోతా" అంది.

సుబ్బన్న సరేనన్నాడు. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ పోయి అడిగింది. నీకు దేనికి మోగాల? ఎంత ముందర మోగాల?

"పప్పు నానేసే యాళకు ఒకటి సాలు మే" అంది వరలక్ష్మమ్మ.

"డీజిలు సూసేది ఒకటే. రెండు గంటల ముందర పెట్టు పాపా, బంకుకు పోయి రావాల గదా" అన్నాడు గిరి.

ఆమె ఒక్క పనినీ చెరపలేదు. అంతకుముందు గిరి విసుగొచ్చి తన ఫోనులో పూలబండిని చెరిపేస్తే, అది అందరి ఫోన్లలోంచీ మాయమై, పెళ్లికి పూలే రాలేదు. ఆ పాఠం ఆమెకు గుర్తుంది. పనులను అలాగే ఉంచి, ఏది ఎవరికి మోగాలో అంతవరకే మార్చింది.

రాహుకాలం దగ్గరికి వచ్చేసరికి గిరి నవ్వాడు. "దాన్ని పీకి పారెయ్ పాపా. నీకెట్లాగూ ఆ పట్టింపు లేదు గదా."

"నాకు లేదు కాబట్టే నేను పీకగూడదన్నా" అంది రెబెకా. దాన్నీ, బీపీ మాత్రనూ సుబ్బన్న ఒక్కడికే మోగేలా పెట్టింది.

తర్వాతి పెళ్లి రోజు మండపంలో సన్నాయి నిండుగా వినపడింది. గిరి ఫోను ఒక్కసారి మోగింది. అతను చూసుకుని, క్యాను పట్టుకుని బంకుకు పోయాడు. రెండో బంతిలో కరెంటు పోయింది. ఫ్యాన్లు నిదానించి, ఆగిపోకముందే మళ్లీ అందుకున్నాయి. విస్తరి ముందున్నవాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు. గది గుమ్మంలో నిలబడి చూస్తున్న రెబెకాకు, ఇది నేను చేశానని మైకు పట్టుకుని చెప్పాలనిపించింది.

అప్పుడే సుబ్బన్న ఫోను పట్టుకుని వచ్చాడు. "రెబెకమ్మా, రాహుకాలం నా ఒక్కడికే మోగింది. కడమవాళ్లకు తీసేసినావా?"

అటుగా పోతున్న గిరి ఆగిపోయాడు.

"తీసేసినా సార్. మీ నమ్మకం మీకు మోగాల. వాళ్లకు మోగీ మోగీ అది నవ్వులాట అయిపోయినాది. అది నాకు నచ్చలేదు."

సుబ్బన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మాత్ర గూడా నాకొక్కడికేనా?"

"అవును సార్."

"అదొక్కటి వరలక్ష్మమ్మకు గూడా మోగనీ. ఆమె అరిస్తే గానీ నేను ఏసుకోను."

క్యాలెండరు నిలబడింది, కుర్చీ నిలబడింది. తర్వాతి ఆదివారం పెళ్లి ఉంటే రెబెకా పొద్దున్నే మండపానికి వచ్చింది. సుబ్బన్న ఆమె బల్ల దగ్గర నిలబడి మాట్లాడుతుండగా ఆయన ఫోను మోగింది. ఇంకెవరి ఫోనూ మోగలేదు. ఆయన దాన్ని ఆమె ముందు పెట్టి, "సదువు" అన్నాడు.

"రెబెకాకు చర్చి. మధ్యాన్నం దాకా పిలవగూడదు" అని ఉంది.

"నేనే పెట్టుకున్నా, నాకొక్కడికే. ఇంక పో, మీయమ్మ కాసుకోనుంటాది" అన్నాడు.

చర్చిలో గ్రేసీ పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. కూతురి చేతుల వైపు చూసి, "ఫోను యాడమ్మా?" అని గుసగుసగా అడిగింది.

"బల్ల మీద పెట్టొచ్చినామ్మా" అంది రెబెకా. "నా బల్ల మీద."