ఆ ఏడాది పేరు లేని ఛాంపియన్

కాబోయే వియ్యంకుణ్ణి చూడటానికి స్టేడియానికి వెళ్ళినదాన్ని మా ఊరు ఫ్రీమాంట్‌లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా అమ్మాయి సింధు ఒక ఆస్ట్రేలియా అబ్బాయిని ఇష్టపడింది. వాళ్ళ నాన్న గ్రెగ్ రగ్బీ లీగ్‌లో మాజీ ఛాంపియన్ అని ఆ అబ్బాయి గొప్పగా చెప్పాడు. అక్కడి జట్లు లాస్ వేగస్‌లో ఆడుతున్నాయని గ్రెగ్ వస్తున్నారు. "నువ్వు కలిశాకే ఓకే చెప్పమ్మా" అంది సింధు. మావారికి మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి గ్రెగ్‌కి కప్పడానికి ఒక శాలువా తీసుకుని నేనూ సింధూ బయల్దేరాం.

శనివారం ఉదయం ఏడూ పదికి శాన్ హోసేలో ఫ్లైట్. పక్క సీటాయన పసుపు జెర్సీలో ఉన్నాడు. "రగ్బీ రెండు రకాలండీ. లీగ్‌లో జట్టుకి పదమూడు మందే" అన్నాడు. వారం రోజులుగా పదిహేను మంది ఆట చూసి నోట్స్ రాసుకున్నాను నేను! ఎనిమిదిన్నరకి దిగగానే పాత ఛాంపియన్ల జాబితా ఫోన్‌లో వెతికాను. గ్రెగ్ జట్టు గెలిచిందన్న ఏడాది ఎదురుగా పేరు లేదు, ఒక గీత ఉంది.

మావారికి ఫోన్ చేశాను. "అబద్ధాలాడే ఇంటికి పిల్లనిస్తామా? ముందు కనుక్కో. తర్వాతే శాలువా" అన్నారు.

హోటల్లో సామాను పడేసి, రెండింటికి స్టేడియం చేరాం. లోపలికి పారదర్శకమైన సంచులే రానిస్తారు, వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి. జిప్ కవర్లోని జరీ శాలువాని గేటు దగ్గరమ్మాయి రెండుసార్లు తిప్పి చూసింది.

గ్రెగ్ నలిగిన చెవులతో, మెత్తటి మాటతో ఉన్నారు. ఇంటర్వెల్‌లో పాత ఛాంపియన్లని ఏడాది వారీగా మైదానంలోకి పిలిచారు. గ్రెగ్ చెప్పిన ఏడాదిని మాత్రం పిలవకుండా దాటేశారు. అయినా ఆయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. నాకు మతిపోయింది.

"ఇంతకీ మీరు గెలిచారా, లేదా?" అని అడిగేశాను. "మమ్మీ!" అంది సింధు.

"గెలిచాం. మా క్లబ్ లీగ్ పెట్టిన జీతాల పరిమితి దాటి కొందరికి చాటుగా ఎక్కువ జీతాలిచ్చిందట. తర్వాత బయటపడి టైటిల్ తీసేసుకున్నారు. నాకేం తెలీదు. అయినా అడక్కముందే మెడల్ ఇచ్చేశాను. ఆడిన ఆటని ఎలా తిరిగిస్తాను?" అన్నారు.

మా తెలుగు సంఘం సభల్లో శాలువా కప్పేముందు బిరుదు చదువుతాం. ఈయనకి ఏం చదవను? బిరుదు లేకుండానే కప్పేశాను. ఎందుకని అడిగారు. నాకూ తెలీదన్నాను.

ఆదివారం పది గంటల ఫ్లైట్‌కి తిరుగు ప్రయాణం. ఊరు బాగుంది. ఆటలో ఎవరు ఎందుకు ఆగుతున్నారో, ఎందుకు మీద పడుతున్నారో ఇప్పటికీ అర్థం కాలేదు. బోర్డింగ్ లైన్లో ఉండగా మావారి ఫోన్.

"ఏం తేలింది? ఛాంపియనేనా?"

"ఏమో, తెలియలేదండీ" అన్నాను. "ముహూర్తం పెట్టించండి."