జపాన్, అమెరికాల మీద నేను రాసిన నాలుగో అధ్యాయం

రాష్ట్రం కోసం ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజుల్లో నేను జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో పార్ట్ టైం లెక్చరర్‌ని. మాది దంతాలపల్లి దగ్గర ఒక తండా. ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలంగాణ తెలుగు, పుస్తకాల్లో ఇంకో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ఈ నాలుగింటి మధ్య మా పిల్లలు డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఎలా జారిపోతున్నారో రోజూ చూస్తుండేదాన్ని. అందుకే ఎం.ఫిల్.లో చేరినప్పుడు దాని మీదే పరిశోధన చేస్తానని నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాను.

నా గైడు పట్నంలో, అదే హైదరాబాదులో, ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. పుట్టి పెరిగింది మా వైపే. మాటలో మాత్రం ఆ ఆనవాలు ఎక్కడా మిగలనివ్వలేదు. నా కాగితాలు తిప్పి చూడకుండానే పక్కన పెట్టారు.

"తండా పిల్లల మీద రాస్తే ఎవరు చదువుతారమ్మా? అంతర్జాతీయంగా ఉండాలి. జపాన్, అమెరికాల ఉన్నత విద్యను పోల్చి రాయి. విదేశీ విద్యార్థులను వాళ్లెలా రప్పించుకుంటున్నారో, ఎలా చూసుకుంటున్నారో రాయి."

"సార్, నేను హైదరాబాదే సరిగ చూడలె. జపాన్ గురించి ఎట్ల రాస్త?"

"ముందు ఆ 'ఎట్ల' మానుకో. 'ఎలా' అను."

బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచాను. ఆ దారంతా 'ఎలా, ఎలా' అని నోట్లో అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది.

అయినా పని మొదలుపెట్టాను. బందు లేని రోజు చూసుకుని పట్నం వెళ్లి గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. జపాన్‌లో ఇంతమంది విదేశీ విద్యార్థులు రావాలని ప్రభుత్వమే లక్ష్యం పెట్టుకుంటుంది, విశ్వవిద్యాలయాలు దాని వెంట నడుస్తాయి. అమెరికాలో ఎవరి దారి వారిదే, ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులను వెతుక్కుంటుంది. నివేదికల నిండా ఈ సంగతులే. విద్యార్థులు వచ్చారని, వెళ్లారని ఉంటుంది గానీ ఆ విద్యార్థి ఒక్క మాట మాట్లాడినట్టు ఎక్కడా ఉండదు. అక్కడ చదివి వచ్చినవాళ్లను నేనే కలవాలనుకున్నాను. వాకబు చేస్తే మా జిల్లాలోనే ఇద్దరు దొరికారు. అప్పటికి జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనివే.

మొదటి ఆయన భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఇంజనీరు. జపాన్‌లో అక్కడి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద చదివి వచ్చాడు. ఆయన దగ్గరికి బయల్దేరిన రోజు రైలు రోకో. నేనెక్కిన రైలు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఆగిపోయింది. పట్టాల మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. ఒక అవ్వ నా చేతికి విస్తరి ఇచ్చి, "తిను బిడ్డా, రాష్ట్రమొచ్చినంక ఏ రైలూ ఆగది" అంది. వాళ్లతో పాటు పట్టాల మీద కూర్చుని తిన్నాను. నినాదాలిచ్చాను. తరువాత ఆటో, లారీ, మళ్లీ ఆటో పట్టుకుని మధ్యాహ్నం దాటాక భూపాలపల్లి చేరాను.

ఇంజనీరు గని నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. నేనెందుకు వచ్చానో వినగానే ఆయన ముఖం వెలిగింది. తిరిగొచ్చాక జపాన్ చదువు గురించి తనను అడిగిన మొదటి మనిషిని నేనేనట. అందరూ జీతం గురించే అడిగారట.

"పోంగనే ఆర్నెల్లు వట్టి భాషే నేర్పిండ్రు అక్కా. చదువంతా వాళ్ల భాషలనే. వేరే భాషల చదివితేనే గొప్ప అన్న ముచ్చటే లేదాడ. నాకు తోడుగ ఓ సీనియర్‌ను పెట్టిండ్రు. బ్యాంకు కాయితాలు, కిరాయి ఇల్లు, దవాఖాన, అన్నిటికి ఆయనే వచ్చేది. వారానికోసారి ల్యాబు ఊడ్సుడు గూడ ఉండె. ఊడ్సింది నేనొక్కన్నే గాదు, మా సారు గూడ చీపురు వట్టిండు."

"అంటే అంత మంచిగనే చూసిండ్రా?"

"ఏడ మంచిగ? విదేశపోళ్లకు ఇల్లియ్యమని మొకం మీదనే చెప్పిన ఇండ్లు ఎన్నో. చదువైనంక ఓ కంపెనీకి పోతే, నా భాష మంచిగున్నదట గని నేను వాళ్ల పద్ధతిల ఇమడనట. రమ్మంటరు, వచ్చినంక వాళ్ల లెక్కనే కావాలంటరు, అయినంక గూడ కాలేదంటరు." నవ్వాడు. "గని మా సారు మాత్రం నాకోసం మన మాట ఒకటి నేర్సుకున్నడు. రోజు పొద్దుగాల 'తిన్నవా' అని అడిగేటోడు. అరవై ఏండ్ల మనిషి, ఎంత పెద్ద ప్రొఫెసర్!"

రెండో ఆమె మొగుళ్లపల్లిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. రైతుల ఇంటి ఆడపిల్ల, అమెరికాలో ఎం.ఎస్. చదివింది. వాకిట్లో ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తూ నాతో మాట్లాడింది.

"ఆడ కోర్సులు మనమే ఏరుకుంటం. ఇది కాకుంటే అది. పొద్దంత లైబ్రరీ. ఓసారి బోర్డు మీద సారు చేసిన లెక్క తప్పని లేచి చెప్పిన. ఆయన చూసి, నిజమే, తప్పే అని తుడిచేసి నాకు థ్యాంక్స్ చెప్పిండు. మన దగ్గర గట్ల చెప్తే బతకనిస్తరా?"

"మరెందుకు వచ్చినవ్ చెల్లె?"

చేతిలోని మిరపకాయలు కింద వదిలేసింది. ఆమె అక్కడ చదువుకుంటూనే కింది తరగతుల పిల్లలకు పాఠం చెప్పేదట. చెప్పే ముందు విదేశీయులకు ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పెడతారు. అందులో పాసైంది. అయినా నెల తిరక్కుండానే, ఈమె మాట మాకు అర్థం కావడం లేదని కొందరు పిల్లలు ఫిర్యాదు రాశారు.

"లెక్క తప్పని ఎవ్వలు రాయలె అక్కా. మాట బాగలేదని రాసిండ్రు. ఆఫీసోళ్లు మంచిగనే మాట్లాడిండ్రు, కాఫీ గూడ ఇచ్చిండ్రు. వచ్చే టర్మ్ నుంచి క్లాసొద్దు, పేపర్లు దిద్దుమన్నరు. మీ పిల్లలను గూడ జర నా మాట వినుమని చెప్పున్రి అన్న. గది మా పని కాదన్నరు. డిగ్రీ అయిపోంగనే వచ్చేసిన. నాకు పాఠం చెప్పుడే కావాలె."

ఆ ఇద్దరి మాటలతో నాలుగో అధ్యాయం రాశాను. ఇన్ని నివేదికలు చదివి తెలుసుకోలేనిది వాళ్ల దగ్గర తెలిసింది. విదేశీ విద్యార్థులు ఎంతమంది వచ్చారన్నది పెద్ద ప్రశ్న కాదు. వచ్చినవాడి కోసం విశ్వవిద్యాలయం తన పద్ధతిలో ఏం మార్చుకుంది, మారే భారమంతా వాడి నెత్తినే పెట్టిందా, అడగాల్సింది అది. జపాన్ చేయి పట్టుకుని నడిపించి, చివర్లో గడప బయట నిలబెడుతుంది. అమెరికా గడప దాటనిస్తుంది, లోపల నువ్వేమైపోయినా పట్టించుకోదు. అంత దూరం పోనక్కర్లేదు, తండా నుంచి జనగామకు వచ్చే పిల్లకు మన కాలేజీ ఏం మార్చుకుంది అని చివరి పేరాలో అడిగాను. ఇద్దరి మాటలనూ వాళ్లు అన్నట్టే ఉంచాను.

నెల తరువాత గైడు పిలిచారు. అధ్యాయం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎర్ర సిరాతో అడ్డగీత.

"ఇదేం భాషమ్మా? 'వట్టిండు', 'ఊడ్సుడు'! ఇది పరిశోధనా, సంతలో ముచ్చటా? ఇద్దరితో మాట్లాడితే అయిపోయిందా? తీసేయ్."

"సార్, వాళ్లు మాట్లాడింది గట్లనే కద..."

"మళ్లీ గట్లనే!"

ఇద్దరు సరిపోరని మాత్రమే అని ఉంటే ఒప్పుకునేదాన్ని. ఇంకో పదిమందిని వెతికేదాన్ని. భాష ఒక కారణమా? ఆ వారమే జనగామ చౌరస్తాలో రిలే దీక్షా శిబిరానికి ఆయన వక్తగా వచ్చారు. నేను మా విద్యార్థులతో కింద కూర్చున్నాను. మైకు అందుకున్న మనిషి మాట విని నా చెవులను నేనే నమ్మలేకపోయాను. "మన యాసను ఎక్కిరిచ్చిండ్రు! మన మాటను సినిమాలల్ల జోకరు నోట్ల వెట్టిండ్రు! ఇగ సైసుడు లేదు!" అని గర్జించారు. జనం ఈలలు వేశారు. పక్కనున్న విద్యార్థిని నన్ను కుదుపుతూ, "మేడం, మీ సారు ఎంత మంచిగ మాట్లాడుతున్నడు!" అంది. నేను చప్పట్లు కొట్టలేదు. నా అరచేతులు మోకాళ్ల కింద పెట్టుకుని కూర్చున్నాను.

రెండు నెలల తరువాత మా కాలేజీలోనే అంతర్జాతీయ సదస్సు జరిగింది. విదేశాల నుంచి ఎవరూ రాలేదు, బ్యానరు మీద మాత్రం ఆ మాట పెద్ద అక్షరాల్లో ఉంది. ముఖ్య ఉపన్యాసం మా గైడుది. నాకు అతిథుల భోజనాల బాధ్యత అప్పగించారు. చివరి వరసలో నిలబడి వింటున్నాను.

"నేను భూపాలపల్లి వెళ్లి ఒక ఇంజనీరును కలిశాను" అని మొదలుపెట్టారాయన.

మొదట అర్థం కాలేదు. తరువాత ఒక్కొక్క వాక్యమూ గుర్తుపట్టాను. ల్యాబు ఊడ్చడం, ఇల్లు ఇవ్వకపోవడం, మొగుళ్లపల్లి టీచరు మీద ఫిర్యాదు, ఆ కాఫీ కూడా. గడప పోలిక కూడా. అన్నీ శుభ్రమైన తెలుగులోకి మార్చి ఉన్నాయి. నన్ను అడిగింది లేదు, నా పేరు చెప్పిన పాపాన పోలేదు. "ఆ జపాన్ ఆచార్యుడు 'భోజనం చేశారా' అనే తెలుగు మాట నేర్చుకున్నాడు" అని చదివి సభ వైపు చూసి చిరునవ్వు నవ్వారు.

నేను లేచి నిలబడాల్సిన పని లేకపోయింది, నిలబడే ఉన్నాను.

"సార్, ఆయన నేర్సుకున్నది 'తిన్నవా' అని. ఇంజనీరు నాకు చెప్పిండు. భూపాలపల్లి పోయింది నేను. మీరు కొట్టేసిన నా నాలుగో అధ్యాయం గిది."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా విద్యార్థిని కొంచెం ఉద్వేగంలో ఉంది" అని నవ్వి, మిగతా కాగితాలు చదివేశారు. ప్రిన్సిపాల్ వెనక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, అన్నాలు చల్లారుతున్నాయి చూడమన్నారు. చూడలేదు. చేతిలోని భోజనం టోకెన్ల కట్ట ఆయనకే ఇచ్చి బయటికి నడిచాను.

సాయంత్రం గైడు ఫోన్ చేశారు. "విద్యార్థి పని గైడుకు కూడా చెందుతుంది. ఎక్కడైనా ఇంతే."

"ఏ దేశంల సార్? రెండు దేశాల గురించి చదివిన. ఏ దేశంల గిట్ల?"

ఫోన్ పెట్టేశారు.

విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు రాశాను. నా అధ్యాయం, ఎర్ర గీతతో సహా, జత చేశాను. ముగ్గురు సభ్యుల కమిటీ పిలిచింది. ముగ్గురూ ఉద్యమంలో ముందు నిలిచినవాళ్లే. వాళ్లలో పెద్దాయన మెత్తగా అన్నాడు: "అమ్మా, ఇయ్యాల మనమందరం రాష్ట్రం కోసం కొట్లాడుతున్నం. గిప్పుడు మనోళ్ల మీద మనమే రాసుకుంటే పరాయోళ్ల ముందల పల్చనైతం. జర ఓపిక పట్టు. రాష్ట్రమొచ్చినంక చూద్దం."

ఆ మాట విన్నప్పుడు వచ్చినంత కోపం సదస్సులో కూడా రాలేదు. రాష్ట్రం నాది కూడా. పట్టాల మీద కూర్చున్నదాన్ని, లాఠీల ముందు పరుగెత్తినదాన్ని. నా మాటను, నా పనిని దొంగిలించినవాడు మనవాడైతే, నేను ఎవరిదాన్ని? ఆ ప్రశ్నే అడిగాను. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. ఫిర్యాదు మీద ఏ నిర్ణయమూ రాలేదు. గైడును మార్చుకునే వీలు మాత్రం ఇచ్చారు, అదీ నేను మళ్లీ మళ్లీ తిరిగితే.

కొత్త గైడు పదవీ విరమణకు దగ్గరపడిన ఒక మేడం. అధ్యాయం చదివి, "ఇద్దరితో చాలదు, ఇంకా వెతుకు. మాటలు మాత్రం మార్చకు" అంది. ఇంకో ఆరుగురిని కలిశాను. ఒక ఏడాది ఆలస్యమైంది. నేను వైవాకు కూర్చునేనాటికి రాష్ట్రం వచ్చేసింది. ఆ రోజే తెలిసింది, నా పాత గైడును విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే విభాగానికి అధిపతిని చేశారని. ఆయన గది ముందు నుంచే వైవా గదికి వెళ్లాలి. తలుపు తెరిచే ఉంది. ఆయన తలెత్తలేదు. నేను ఆగలేదు.

డిగ్రీ వచ్చాక రెండు ప్రతులు బైండు చేయించి మొదట కలిసిన ఆ ఇద్దరికీ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఇంజనీరు తన మాటలున్న పేజీలు భార్యకు చదివి వినిపించాడు. మొగుళ్లపల్లి టీచరు మాత్రం పెన్సిల్ పట్టుకుని మొత్తం చదివింది. వారం తరువాత ఫోన్ చేసింది.

"అక్కా, అమెరికాల ప్రొఫెసర్లను అందరు పేరు పెట్టే పిలుస్తరని రాసినవ్. నేనెప్పుడు చెప్పిన? మా సారును డాక్టర్ అనే పిలిచేది. గది తప్పు."

నిజమే, అది ఆమె చెప్పలేదు. ఏదో నివేదికలో చూసి రాశాను. మరుసటి వారం విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్లి, అక్కడి ప్రతి అడిగి తీసుకుని, ఆ వాక్యం మీద గీత గీసి అంచున సరిచేశాను. గ్రంథాలయం పుస్తకంలో రాయకూడదని ఉద్యోగి అరిచాడు. అరవనిచ్చాను.