తేనె నాకించిన చేయి

లాల్‌దర్వాజాలో రాజమణి ఉండే గల్లీలో ఆమె ఒళ్లో ఆడుకోని పిల్లలు తక్కువ. లాడ్ బజార్ గాజుల దుకాణాలకు పనికి పోయే తల్లులు పొద్దున్నే పసివాళ్లను ఆమెకిచ్చి పోయేవాళ్లు. అందుకే కూతురు భాగ్యశ్రీ మళ్లీ ఆఫీసుకు పోవాల్సి వచ్చినప్పుడు మూడు నెలల బన్నీని ఏ ఫికరూ లేకుండా తల్లికి అప్పజెప్పింది.

తల్లి కనబడక బన్నీ ఒకటే ఏడుపు. రాజమణి తన పిల్లలకు చేసినట్టే వేలికి తేనె అద్ది నాకించింది. వాడు చప్పరించి ఊరుకున్నాడు. అదే అలవాటైంది.

కొన్నాళ్లకు వాడికి విరేచనం బిగిసింది. పాలు గుంజలేకపోయాడు. ఏడుపు సన్నబడింది. ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. ఆటోలో పిల్లల దవాఖానకు ఉరికారు.

"పాలు గాక ఇంకేమన్న పెట్టిన్రా?" డాక్టరమ్మ అడిగింది.

భాగ్యశ్రీ లేదంటుండగానే రాజమణి నోరు విప్పింది. "తేనె నాకిచ్చిన మేడం. నా పిల్లలందరికి గట్లనే నాకిచ్చిన."

"అందరికీ ఏం కాదమ్మా. కానీ తేనెలో ఒక్కోసారి కంటికి కనబడని క్రిములుంటయి. ఏడాది నిండని పిల్లల పేగుల్లో అవి విషం పుట్టిస్తయి. ఒళ్లు పట్టు తప్పుతది, ఊపిరి తీసుకునుడు కష్టమైతది."

బన్నీని ఊపిరి మిషను మీద పెట్టారు. భాగ్యశ్రీ తల్లిని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది రాజమణికి.

"కావాలని చేసినవా ఏంది?" అన్నాడు ఆమె భర్త ఇశ్రాయేలు.

"ప్రేమతోనే పెట్టిన. గదే గొంతు దిగుతలేదు."

వారాల తర్వాత బన్నీ తనంతట తాను ఊపిరి తీసుకున్నాడు. మెల్లగా కోలుకొని ఇల్లు చేరాడు.

ఆ తర్వాత పక్కింటి లలితమ్మ పసి మనవరాలికి తేనె పెట్టబోతుంటే రాజమణి చేయి పట్టి ఆపింది.

"మనమందరం నాకి పెరిగినోళ్లమే గదా," అంది లలితమ్మ.

"నా మీద కోపం పెట్టుకో వదినా. పిల్లకు మాత్రం పెట్టకు."

లలితమ్మ మాట్లాడటం మానేసింది. దానికి రాజమణి బాధపడలేదు.

భాగ్యశ్రీ ఇప్పుడు బన్నీని ఆఫీసు దగ్గరి క్రెష్‌లో వదులుతోంది. ఆదివారం చర్చి అయ్యాక తీసుకొచ్చి అమ్మమ్మ ఒళ్లో పడుకోబెడుతుంది. వాడు బోసినోటితో నవ్వుతాడు. పాల వేళకు మాత్రం భాగ్యశ్రీ లేచొచ్చి వాణ్ని తీసుకుంటుంది. నేను పడ్తా ఇటియ్యమని రాజమణి అడగదు.