పటాన్ని కృష్ణకు సాగనంపబోయిన రోజు

సూర్యాపేటలో ఆ మీటింగుకు నేను వెళ్లింది మా ఆయనకు తోడుగానే. దేశంలోని కళలను, పండుగలను, పాత వస్తువులను ఎలా చూసుకోవాలన్న తన పద్ధతిని ఢిల్లీ సర్కారు మొత్తం మార్చి రాసుకుంటోందట. రాసుకునే ముందు కళాకారులు ఏమంటారో విని రమ్మని అధికారులను జిల్లాలకు పంపింది. ఫంక్షన్ హాలులో పెళ్లికి వేసినట్టే కుర్చీలు వేశారు. డప్పుల వాళ్లు, కోలాటం వాళ్లు, భజన వాళ్లు అందరూ వచ్చారు. ఒక్కొక్కరే మైకు దగ్గరికి వెళ్లి కొందరు పింఛను, కొందరు గుర్తింపు కార్డు, కొందరు బస్సు పాసు అడిగారు. అన్నీ అడగవలసినవే.

మా ఆయన వంతు వచ్చింది. మైకును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"సార్లకు, మేడాలకు దండం. మా ఇంట్ల ఒక సావైంది. పీనుగ మీ తాననే ఉన్నది. మాకిస్తే దినం జేసుకుంటం."

వేదిక మీద ఢిల్లీ నుంచి వచ్చిన హిందీ సారు పక్కనున్న తెలుగాయన వైపు చూశాడు. ఆయనకు చెమటలు పట్టాయి. "ఏందయ్యా, పోలీసు కేసా? పోలీసు కేసైతే ఎస్పీ ఆఫీసుకు పోవాలె, గీడ గాదు" అన్నాడు.

"కేసు గాదు సారూ. పీనుగంటే మనిషి పీనుగ గాదు. మా పటం."

వెనకనుంచి ఎవరో పకపకా నవ్వారు. మా ఆయన నవ్వలేదు. తెలుగాయన చెవిలో చెప్పాక హిందీ సారు కూడా నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, "కూర్చోండి, మొత్తం చెప్పండి" అన్నట్టు చెయ్యి చూపాడు.

మా అత్తగారింటి వాళ్లు పటం కథ చెప్పేవాళ్లు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టూ నేతపని కుటుంబాలున్న ఊళ్లు కొన్ని మా ఇంటికి మిరాశి. అంటే తాతల నాటినుంచి ఆ ఊళ్లలో కథ చెప్పే హక్కు మాది, మాకు పెట్టుపోతలు చూసే బాధ్యత వాళ్లది. వాళ్ల కులం ఎలా పుట్టింది, మొదటి నూలు ఎవరు వడికారు, మొదటి బట్ట ఏ దేవుడికి కట్టారు అని, పటం మీది బొమ్మలు ఒక్కొక్కటే కర్రతో చూపిస్తూ పాడి చెప్తారు. పటం అంటే చాపలా చుట్టి పెట్టే పొడుగాటి గుడ్డ. ఎర్రటి రంగు మీద బొమ్మలుంటాయి. విప్పుతూ పోతే వాడకట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా వస్తుందేమో అనిపిస్తుంది.

మిర్యాలగూడలో రైసుమిల్లుల పక్కన పుట్టి పెరిగిన నాకు పెళ్లయ్యేదాకా ఇవేవీ తెలియవు. కొత్తకోడలిగా వచ్చాక మా అత్త చెప్పింది: పటం కూడా పుడుతుంది, చస్తుంది. రాసే పనివాళ్లు బొమ్మలన్నీ పూర్తి చేసి కండ్లు మాత్రం వదిలేస్తారు. మంచిరోజు చూసి, కథ చెప్పేవాళ్లూ నేతవాళ్లూ అందరూ కూడిన తర్వాత కండ్లు పెడతారు. అప్పటినుంచి దానికి ప్రాణం ఉన్నట్టు. ఏండ్లు గడిచి రంగు రాలి, మడతల దగ్గర గుడ్డ పిగిలిపోతే అది పోయినట్టు. పాడె కట్టి, ఏడ్చి, కృష్ణలో వదిలి, దినం చేయాలి. ఆ తర్వాతే కొత్త పటానికి కండ్లు. ఒక ఇంట్లో రెండు పటాలు ఒకేసారి కండ్లు తెరిచి ఉండకూడదు.

చిక్కు అక్కడే వచ్చింది. మా మామ ముసలివాడవుతున్న రోజుల్లో పట్నం నుంచి సర్కారు మనుషులు వచ్చారు. మా పటం అంచులు చీలి ఉన్నాయి. ఇది దేశం సొత్తు, మీ పెంకుటింట్లో ఎలుకలు కొడతాయి, మేము భద్రంగా దాస్తాం అన్నారు. మా మామ దాన్ని రోగిని దవాఖానకు పంపినట్టే అనుకుని వేలిముద్ర వేశాడు. తర్వాత కొత్త పటం రాయించి, కండ్లు పెట్టే ముందు పాతదాన్ని సాగనంపుదామని పట్నం వెళ్లాడు. లోపలికి వచ్చిన వస్తువు బయటికి పోవడమనేది మా పద్ధతిలో లేదన్నారు. అక్కడి ఒకాయన జాలిపడి అద్దం అవతల నుంచి చూపించాడట. ఇంటికి వచ్చి మా మామ అన్నం ముట్టలేదు. "పీనుగను అద్దాల బీరువల వెట్టి సూపెడుతుండ్రే" అని గోడకు చెప్పినట్టు చెప్పాడు.

ఇగ కండ్లు లేని పటంతోనే ఆయన కథ చెప్పాడు. ఆయన పోయాక మా ఆయన చెప్పాడు. నేతవాళ్లు మర్యాద తెలిసినవాళ్లు, మొహం మీద ఏమీ అనలేదు. కానీ పిలుపులు తగ్గాయి. మా ఆయన జుట్టంతా తెల్లబడింది. ఒకరోజు మంచంలో కూర్చుని, "మా నాయిన గుడ్డి పటంతోనే వాయె. నేనుగూడ గట్లనే పోతనేమో" అన్నాడు. ఆ తర్వాతే సూర్యాపేట మీటింగు.

మీటింగు నుంచి వచ్చాక మేము పెద్దగా ఆశ పెట్టుకోలేదు. చాలా నెలల తర్వాత, కోదాడలో టీచరు పనిచేసే మా బిడ్డ ఊరికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా ఫోను తీసింది. కొత్త పద్ధతి అచ్చయి వచ్చిందట. ఒక చోట ఆగి నిమ్మళంగా చదివింది. పూజలో, ఆటలో, కథలో వాడుకునే వస్తువులను అవి ఎవరివో వాళ్లు అడిగితే ఇవ్వాలి, వాటికి వాళ్లు చేసే ఆచారాన్ని గౌరవించాలి అని ఉంది.

"నా పేరున్నదా అండ్ల?" అన్నాడు మా ఆయన.

"పేరెందుకుంటది నాయినా? అది దేశం మొత్తానికి రాసింది. కానీ సూడు, ఉన్నది నువ్వే."

మళ్లీ చదవమన్నాను. అంత పెద్ద సర్కారు, ఎన్ని రాష్ట్రాలు, ఎన్ని భాషలు, ఎన్ని పనులు ఉండగా కూర్చుని, మా ఇంటి గోసకు సరిపోయే మాట ఒకటి రాసింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవబుద్ధి కాలేదు.

ఆ కాగితం పట్టుకుని అర్జీ పెడితే, పటం దాచిన పట్నం మ్యూజియం వాళ్లు ఇస్తామన్నారు. దినానికి మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డును ఎంచుకున్నాం. కోదాడ నేతవాళ్ల పెద్దాయన తన మనుషులతో వచ్చాడు. వెదురు బొంగులు నరికి తెచ్చారు, కొత్త గుడ్డ తెచ్చారు, ఒక పక్కన వంట మొదలైంది. పటాన్ని తెచ్చే మ్యూజియం మేడం పొద్దెక్కాక వచ్చింది. గుంటూరు వైపు మనిషి, నడివయసు. మేళ్లచెరువు దారిలో సిమెంటు లారీల దుమ్ము లోపలికి రాకుండా కారు అద్దాలు ఎత్తించి, పొడుగాటి పెట్టెను తన ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది. దిగేసరికి ఆవిడ మొహం వాడిపోయి ఉంది. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుంది.

పెద్దాయన ఊరుకోలేదు. "ఏమమ్మా, పీనుగను ముట్టుకుంటే అంటు అయితదని తొడుగులేసుకున్నవా?"

"కాదు తాతగారూ. నా చేతి చెమట దానికి తగలకూడదని."

పెద్దాయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆవిడ మా ఆయన దగ్గరికి వచ్చింది. "మీ ఇష్టమేనండి. కాగితంలో అలాగే ఉంది, నేను అడ్డం చెప్పను. ఇన్నేళ్లు చూసుకున్నాను కదా, అందుకని ఒక్కటే అడుగుతున్నా. నీళ్లలో వదిలే ముందు ఒకసారి విప్పుతారా?"

"విప్పకుంటెట్లమ్మా? కడసారి సూపు ఉండాలె గద" అన్నాడు మా ఆయన.

ఒడ్డున చదునైన చోట ఉతికిన ధోవతులు వరసగా పరిచాం. మా ఆయన ఒక కొస, ఆవిడ ఒక కొస పట్టుకుని విప్పసాగారు. ముందు ఎర్రరంగు కనబడింది. మధ్యాహ్నపు ఎండలో అది అప్పుడే చల్లిన కుంకుమలా ఉంది. తర్వాత గుర్రాలు, రాట్నం ముందు కూర్చున్న ఆడది, తామరపువ్వు, దేవుడు. అందరికీ కండ్లున్నాయి. తెల్లటి తెలుపులో నల్లటి గుడ్లు. విప్పుతున్న కొద్దీ ఒక్కో జత మా వైపు చూస్తోంది. వంట దగ్గరి ఆడవాళ్లు గరిటెలు పట్టుకునే వచ్చి నిలబడ్డారు. ఏడవడానికి కొంగు సర్దుకున్న ముసలమ్మ ఏడుపు మరిచిపోయింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అది వెళ్లిపోయింది. అన్నేండ్లుగా మాట వినడమే తప్ప చూడటం నాకూ అదే మొదలు.

పటం పోయిందని తేల్చి చెప్పేది కథకులు కాదు, నేతవాళ్లే. గుడ్డ వాళ్లిచ్చింది కాబట్టి ఆ మాట వాళ్లదే. పెద్దాయన మోకాళ్ల మీద వంగి, మడత మడతా వేలితో తడిమాడు. వేలు తిప్పి చూసుకున్నాడు, రంగు అంటలేదు. చీలిన అంచుల దగ్గర వెనక పక్క పలచటి గుడ్డ ఆనించి కుట్టి ఉంది. ఆ కుట్టు ఒక్క బొమ్మ మీదికీ రాలేదు.

"ఇది ఎవలు కుట్టిండ్రమ్మా?"

"నేనేనండి. చేనేత గుడ్డే వెతికి తెచ్చాను. మిల్లు గుడ్డ దాన్ని పట్టి లాగుతుందని."

పెద్దాయన లేచి కండువా దులుపుకుని, "ఇది సావలేదు. పోగుల బలమున్నది, రంగు పట్టుకొనే ఉన్నది, కండ్లు నిన్న వెట్టినట్టున్నయ్. పాణమున్నదాన్ని నీళ్లల వడేస్తె పాపం తగుల్తది" అన్నాడు.

మా ఆయన మొహం ఎర్రబడింది. "మరి నా సంగతేంది? దీనికి దినం గాకుంటె ఇంట్ల ఉన్నదానికి కండ్లెట్ల వెడత? నేనెన్నడు చెప్పాలె కండ్లున్న పటంతోని? సచ్చినంకనా?"

"ఓరి పిచ్చోడా" అన్నాడు పెద్దాయన. "నీ ముందల పండుకున్నదేంది మరి?"

మా ఆయన కిందికి చూశాడు. ఇంట్లోని పటం గురించే ఇన్నేండ్లు గోసపడ్డ మనిషికి ఆ మాట తట్టనే లేదు. నాకూ తట్టలేదు, ఎవరికీ తట్టలేదు. మేమంతా చావుకే తయారై వచ్చాం. ఆయన మెల్లగా మేడం వైపు తిరిగాడు. "దీనితోని కథ చెప్పుకోవచ్చునా అమ్మా?"

ఆవిడ తొడుగు చేతితోనే కండ్లు తుడుచుకుంది. "కాగితంలో ఉన్నది అదే కదండీ."

పాడెకు తెచ్చిన బొంగులు నిలువుగా పాతి పటాన్ని వేలాడదీశారు. వంట మనిషి, "అయ్యా, దినం కూడు అనుకోని వండిన. ఇప్పుడు దీన్నేం జేయాలె?" అని అడిగింది. "కడుపుకేం ఎరుక? వడ్డించు" అన్నాడు పెద్దాయన. తిన్నాక కథ మొదలైంది.

కండ్లు లేని పటం ముందు మా మామా, మా ఆయనా ఎప్పుడూ తల వంచుకునే పాడారు. ఆ రోజు మా ఆయన తలెత్తి, దేవుడి కండ్లలోకి చూస్తూ గొంతు ఎత్తాడు. ఆ గొంతు ఆయనదేనా అని నేను తిరిగి చూశాను. కృష్ణ మీదుగా పోయి అవతలి గట్టుకు తగిలి వస్తోంది. మేడం ముందు వరసలో నేల మీద కూర్చుంది. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉందో ఆవిడకు కంఠతా వచ్చు. అవి మాట్లాడతాయని మాత్రం ఎన్నడూ వినలేదట. ఒక్కో బొమ్మ దగ్గరికి కర్ర వెళ్లినప్పుడల్లా ఆవిడ నోరు చిన్నపిల్ల నోరులా తెరుచుకుంటోంది.

పొద్దు వాలుతుండగా కథ ఆపారు. మా ఇంట్లో వానాకాలం గోడలు చెమ్మగిలుతాయి. అందుకని వానలన్నాళ్లూ పటం ఆవిడ దగ్గర, కథలు చెప్పే నెలల్లో మా దగ్గర అని అక్కడే అనుకున్నారు. ఆడపిల్లకు అత్తగారిల్లు, తల్లిగారిల్లు ఉన్నట్టే అన్నాడు పెద్దాయన. ఇందులో ఏది అత్తగారిల్లని ఎవరూ అడగలేదు. ఇంట్లోని పటానికి తొందర లేదు, అది ఇంకా పుట్టలేదు. మా ఆయనే పాత పటాన్ని చుట్టి పెట్టెలో పెట్టి ఆవిడ చేతికిచ్చాడు.

"వానలు వోయినంక తీస్కొస్తవు గద?"

"మీరు ఎప్పుడంటే అప్పుడు."

తిరుగు బస్సులో కండక్టరు ముందు మా ఆయననే అడిగాడు, ఎక్కడికని. ఆయన నోరు తెరిచాడు, మాట రాలేదు. పాడి పాడి గొంతు పూర్తిగా పోయింది. నవ్వుతూ నా వైపు చూపించాడు. ఊరి పేరు నేనే చెప్పాను.