నా ప్రమాదమే పాఠం

ముప్పై తొమ్మిదేళ్ల వయసులో నేను మళ్లీ కాలేజీలో చేరాను. తెలిసినవాళ్లు చాలామంది మెచ్చుకున్నారు. ఒక మనిషి మీద కక్షతో చేరానని వాళ్లకు తెలియదు.

అంతకు ముందు పదమూడేళ్లు స్టీల్ ప్లాంటు దారిలో ఉన్న ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో రిగ్గర్‌గా పనిచేశాను. క్రేను ఎత్తే బరువులకు స్లింగులు, అంటే ఇనుప తీగలతో పేనిన తాళ్లు కట్టడం, చేతి సైగలతో ఆపరేటర్‌కు దారి చూపించడం నా పని. బి.ఎస్సీ. పాసయ్యాను గానీ అది తెలుగు మీడియం. ఎలమంచిలి దగ్గర మా ఊరి నుంచి వైజాగ్ వచ్చి ఉద్యోగం కోసం తిరిగినప్పుడు ఆ డిగ్రీ సంగతి ఎవరూ అడగలేదు. ఎండలో నిలబడగలవా అని అడిగారు.

నాతో పాటే యార్డులో చేరినవాడు ఇంకొకడున్నాడు. కంచరపాలెంలో పక్క పక్క సందుల్లో అద్దెకుండేవాళ్లం. ఒకే బస్సు ఎక్కేవాళ్లం. మధ్యాహ్నం క్యారేజీలు విప్పి కూరలు మార్చుకునేవాళ్లం. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. అయినా అతను నాకు బావ, నేను అతనికి బావ.

ప్రమాదానికి రెండు రోజుల ముందు ఒక స్లింగులో తీగలు తెగి ముళ్లలా పైకి లేచి ఉండటం చూశాను. నా గ్లౌజు చీరుకుపోయింది. దాన్ని భుజాన వేసుకుని సేఫ్టీ మేనేజర్ గదికి వెళ్లి చూపించాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు.

“ఈ వారం నడిపించు. కొత్తవి వస్తున్నాయి,” అన్నాడు.

ఆయన అని రాస్తున్నాను గానీ, మనసులో ఎప్పుడూ వాడే.

మూడో రోజు పొద్దున అదే స్లింగుతో ఇనుప ప్లేట్ల కట్ట ఎత్తుతుంటే తాడు తెగింది. కట్ట ఊగకుండా పక్కన నిలబడి పట్టుకున్న బావ కుడికాలి మీద పడింది. మోకాలి కింద ఏమీ మిగల్లేదు. ఆ చప్పుడు గురించి నేను రాయలేను.

బావను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లాక, ఆసుపత్రి వరండాలోకి సేఫ్టీ మేనేజర్ ఒక కాగితం తెచ్చాడు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. “ఫార్మాలిటీ. నువ్వు సంతకం పెడితే కంపెనీ లెటర్ ఇస్తుంది, వీళ్లు ట్రీట్‌మెంట్ ఆపకుండా చేస్తారు,” అన్నాడు. నా చొక్కా మీద రక్తం ఇంకా ఆరలేదు. ఆ కాగితం నేను చదవగలను. కూడబలుక్కుని అయినా చదవగలను. చదవలేదు. సంతకం పెట్టాను.

అందులో ఏముందో పది రోజులకు తెలిసింది. స్లింగు తప్పుగా కట్టానని, తొందరపడి సైగ ఇచ్చానని, ప్రమాదానికి నేనే కారణమని నేను ఒప్పుకున్నాను. దాన్ని పట్టుకునే మేనేజర్ ప్రమాదం రిపోర్టు రాశాడు. ఆ రోజే నా గేటు పాసు తీసేసుకున్నారు. అక్కడి నుంచి నేరుగా బావ ఇంటికి వెళ్లాను. అతని భార్య గుమ్మంలోనే ఆపేసింది.

“నువ్వే రాసిచ్చినావంట కదన్నా. ఇంకేటి సెప్పడానికొచ్చినావు?”

లోపల మంచం మీద బావ ఉన్నాడు. నా గొంతు విని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత చాలా నెలలు పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల బస్తాలు దించాను. తెల్లారి మొదలుపెట్టి పదకొండింటికి ముగించే పని. ఒళ్లు అలసిపోయేది గానీ బుర్ర ఆగేది కాదు. వాడి స్కూటర్ ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఇల్లు తెలుసు. ఒకసారి వాళ్ల వీధి చివర గంటసేపు నిలబడి వచ్చాను. చేతిలో ఏమీ లేదు. ఏం చెయ్యాలనుకున్నానో ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేను.

ఒకరోజు బస్తాల కింద పరిచిన పాత పేపర్లో ఒక ప్రకటన కనపడింది. ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఏడాది డిప్లొమా. సైన్సు డిగ్రీ, పని అనుభవం ఉంటే చాలు. వాడు ఏ చదువు చదివి నా మీద ఆ రిపోర్టు రాశాడో, ఆ చదువు నేనూ చదవొచ్చన్నమాట. బస్తా దింపి, పేపరు ముక్క చింపి జేబులో పెట్టుకున్నాను.

నా భార్య నమ్మలేదు. “పిల్ల టెన్త్‌కొచ్చింది. ఇప్పుడు నీకు కాలేజేటి?” అంది.

“ఉజ్జోగం మారతాను.”

“ఉజ్జోగం కోసమెల్లే మొకమేనా అది? నాకేటి తెలీదనుకుంతన్నావా?”

అయినా తన టైలరింగ్ మిషను పక్కనున్న బల్ల ఖాళీ చేసి ఇచ్చింది. నేనూ, మా అమ్మాయీ చెరో వైపు కూర్చుని చదివేవాళ్లం. ఇంగ్లీషు మాటలు రానప్పుడు అమ్మాయినే అడిగేవాణ్ణి.

కాలేజీ మధురవాడ వైపు. మధ్యాహ్నం క్లాసులు. నా పక్కన కూర్చున్నవాళ్లంతా ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు. మొదటి వారం అంకుల్ అన్నారు, తర్వాత అన్నా అన్నారు. నేను లేచి “నాను సెప్తాను మేడమ్” అన్నప్పుడు వెనక బెంచీల్లో నవ్వు వినపడేది. మొదటి పరీక్షలో అందరికంటే తక్కువ మార్కులు నావే. మా డిపార్ట్‌మెంట్ హెడ్, పెద్దావిడ, నన్ను పిలిచి తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోమంది. అలాగే చేశాను. అర్ధ సంవత్సరం పరీక్షలకు క్లాసులో నాలుగోవాణ్ణయ్యాను.

అప్పుడు వాడు వచ్చాడు.

శనివారాలు పరిశ్రమల నుంచి పెద్ద ఆఫీసర్లు వచ్చి పాఠాలు చెప్పేవారు. ఆ శనివారం వచ్చింది నా సేఫ్టీ మేనేజర్. బొజ్జ కొంచెం పెరిగింది. నేను మూడో బెంచీలో ఉన్నాను. ఆయన చూపు నా మీద ఆగి, దాటిపోయింది. పదమూడేళ్లు నేను హెల్మెట్ కింద, దుమ్ములో ఉన్న ఒక ఆకారాన్ని మాత్రమే. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు.

“ఇప్పుడు మీకొక రియల్ కేస్ స్టడీ,” అని స్లయిడ్ వేశాడు.

అది మా యార్డు. నేల మీద చెదిరిన ప్లేట్లు, తెగిన స్లింగు. పక్కన బావ చెప్పు ఒకటి.

ఒక అమ్మాయి అడిగింది, “రిగ్గర్‌కి ట్రైనింగ్ లేదా సార్?”

“ఎంత చెప్పినా ఏం లాభం అమ్మా. చదువులేని లేబర్. వాడి తొందర వల్ల పక్కవాడి కాలు పోయింది. హ్యూమన్ ఎర్రర్ అంటే ఇదే. రాసుకోండి.”

అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. లేచి వాడి కాలరు పట్టుకోవాలని ఎంత ఉందో చెప్పలేను. కానీ అదే గంటలో ఆయన స్లింగుల తనిఖీ గురించి చెప్పాడు. మూడు నెలలకొకసారి ప్రతి స్లింగునూ పరీక్షించి, పాసైనదాని కొసన ఆ మూడు నెలల రంగు వెయ్యాలట. పాత రంగు ఉన్న స్లింగు వాడితే నేరమట. యార్డులో మాకు రంగులంటే రంగులే. వాటికొక అర్థం ఉందని ఎవరూ చెప్పలేదు. ప్రమాదానికి రెండు రోజుల ముందు నేను భుజాన వేసుకుని వెళ్లిన స్లింగు కొస పసుపు. అది నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

ఆ రోజు నుంచి నేను మొదటి బెంచీకి మారాను. ప్రతి శనివారం ఆయన్ను ప్రశ్నలు అడిగాను. ఎన్ని తీగలు తెగితే తాడు పక్కన పడెయ్యాలి, తనిఖీ రిజిస్టరులో ఎవరు సంతకం పెట్టాలి, కింది మనిషి చెప్పినా పని ఆపకపోతే ఆ బాధ్యత ఎవరిది. ఆయన సంతోషంగా, పుస్తకంలో ఉన్నదున్నట్టు చెప్పాడు. అన్నీ తారీఖులతో రాసుకున్నాను. ఆయన సంచి కారు దాకా మోశాను. “ఈ బ్యాచ్‌లో సీరియస్‌గా చదివేది మీరొక్కరే,” అని భుజం తట్టాడు, పేరు మాత్రం అడగలేదు. ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ నేను నవ్వుతూనే ఉన్నాను.

ప్రాజెక్టుకు మీ కేస్ స్టడీయే తీసుకుంటాను సార్, అన్నాను. మురిసిపోయి ఆ ఫోటో అసలు ఫైలు నాకు పంపాడు.

ఇంట్లో మా అమ్మాయి కంప్యూటర్‌లో దాన్ని పెద్దది చేసి చూపించింది. తెగిన స్లింగు కొస పసుపు, అనుమానమే లేదు. వెనక స్టోరు గోడ మీద ఒక బోర్డు. మేం రోజూ దాని కిందే నిలబడి టీ తాగేవాళ్లం. దాని మీద ఇంగ్లీషులో, ఈ మూడు నెలల రంగు ఆకుపచ్చ అని ఆకుపచ్చ అక్షరాలతోనే రాసి ఉంది. ఇన్నాళ్లూ తన తప్పును తనే పట్టుకుని కాలేజీ కాలేజీకీ తిరిగి చూపిస్తున్నాడు.

ప్రాజెక్టు చెప్పాల్సిన రోజు సెమినార్ హాల్లో మా క్లాసంతా ఉంది. ముందు వరసలో హెడ్ మేడమ్, ఆమె పక్కన బయటి నుంచి వచ్చిన పరీక్షకుడిగా ఆయన. ఫోటో తెర మీద వేసి అడిగాను.

“ఈ స్లింగు తనిఖీ అయిందా సార్?”

“అయింది. రిపోర్టులో ఉంది కదా.”

“తనిఖీ అయ్యాక ఏ రంగు వేశారు సార్?”

“ఆ క్వార్టర్‌కి ఆకుపచ్చ.”

తర్వాతి స్లయిడ్‌లో స్లింగు కొస ఒక్కటే తెర నిండా ఉంది. పసుపు. మేడమ్ కళ్లజోడు సరిచేసుకుని ముందుకు వంగింది.

“ఫోటోలో లైటింగ్ వల్ల అలా కనిపిస్తోంది,” అన్నాడు.

తర్వాతి స్లయిడ్ బోర్డు. “అదే ఫోటో సార్, అదే లైటింగ్. బోర్డు మీద ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది.”

ఆయన నన్ను మొదటిసారి సరిగా చూశాడు. “ఎవర్నువ్వు?” మీరు నుంచి నువ్వుకు దిగిపోయాడు.

“ఆ తాడు కట్టినోణ్ణి నానే సార్. సదువులేని లేబర్ని. రెండ్రోజుల ముందు ఈ స్లింగే మీ బల్ల మీద పెట్టి సూపించినాను.”

కావాలనే నా మాటలో చెప్పాను. ఆయన నీళ్ల సీసా అందుకున్నాడు, మూత తియ్యలేకపోయాడు. ఆ నిమిషాన్ని నేను తొందరగా పోనివ్వలేదు. ఇంకేమైనా ప్రశ్నలున్నాయా సార్ అని అడిగి, జవాబు కోసం నిలబడ్డాను. జాలి రాలేదు. రావాలని కూడా అనుకోలేదు. చివరికి మేడమే, “ఇక చాలు, కూర్చోండి,” అంది. మార్కులు ఆమె ఒక్కతే వేసింది.

ఆ సాయంత్రమే ఫోటో ప్రింటు పట్టుకుని బావ ఇంటికి పరిగెత్తాను. అతని భార్య టిఫిన్ బండి నడుపుతోంది. అతను అరుగు మీద కూర్చుని, కట్టుడు కాలు పక్కన ఆనించి, అల్లం గీకుతున్నాడు. ఈసారి నన్నెవరూ ఆపలేదు. జరిగిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అతను అల్లం పక్కన పెట్టి, ప్రింటు తీసుకుని చూశాడు.

“అంటే, తాడు మంచిది కాదని నీకు ముందే తెలుసు.”

“తెలుసు బావా. ఆడికి సెప్పినాను.”

“ఆడికి సెప్పినావు. నాకెందుకు సెప్పలేదు?”

ఏడాదిన్నరగా ఒక్క మనిషి మీదే పెంచిన కోపంలో ఈ ప్రశ్నకు చోటు లేకుండా చేసుకున్నాను. చెప్తే బావ ఆ బరువు పక్కన నిలబడడు. అతను నిలబడకపోతే పని ఆగుతుంది. ఆగితే నన్ను తిడతారు. అందుకని చెప్పలేదు. ఆ మాట పైకి అనలేక తల దించుకున్నాను.

“ఆ కాయితం ఇక్కడెట్టి ఎల్లు,” అన్నాడు.

వారం తర్వాత అతనే ఫోన్ చేశాడు. “ఎక్కడికి రావాలి?” అని మాత్రం అడిగాడు. ఇద్దరం ఆటోలో ఫ్యాక్టరీల తనిఖీ అధికారి ఆఫీసుకు వెళ్లాం. మేడమ్ అప్పటికే కాలేజీ తరపున ఒక లేఖ, నా ప్రాజెక్టు కాపీ పంపింది. నా వాంగ్మూలం నేనే తెలుగులో రాశాను. స్లింగు చెడ్డదని తెలిసీ నేను కట్టానని, పక్కవాడికి చెప్పలేదని అందులో రాశాను. బావ పక్కనే కూర్చుని అక్షరం అక్షరం చదివాడు.

విచారణ మళ్లీ జరిగింది. పాత రిపోర్టు చెల్లదన్నారు. తనిఖీ కాని స్లింగును వాడమన్నది మేనేజరని, రిజిస్టరులో తర్వాత సంతకాలు పెట్టించాడని తేలింది. కంపెనీ ఆయన్ను తీసేసింది. ఏ కాలేజీ శనివారాలకు పిలవడం లేదు. కోర్టులో కేసు నడుస్తోంది.

నేనిప్పుడు పోర్టు రోడ్డులో ఒక గోడౌన్ల కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌ని. పని ఆపమంటే ఆపే అధికారం ఉంది, నెలకు నాలుగైదుసార్లు ఆపుతాను. సూపర్‌వైజర్లు నన్ను తిట్టుకుంటారు. బావ నాతో మాట్లాడతాడు. మునుపటిలా కాదు. పండక్కి పిలుస్తాడు, వడ్డిస్తాడు, నా కళ్లలోకి ఎక్కువసేపు చూడడు.

కోర్టు వాయిదాలకు సాక్షిగా నన్ను ఒక్కసారే పిలిచారు. కానీ నేను ప్రతి వాయిదాకూ వెళ్తాను. వరండాలో వాడు ఫైలు ఒళ్లో పెట్టుకుని, పేరు పిలుస్తారేమోనని చెవి అటు పెట్టి కూర్చుంటాడు. ఎదురు బెంచీ మీద నేను కూర్చుంటాను. బావ రెండుసార్లు వచ్చి మానేశాడు. “నీకింకేటి పన్లేదా బావా? ఇడిసెయ్యొచ్చు కదా,” అన్నాడు పోయిన వాయిదా ముందు రోజు.

పని ఉంది. సెలవు పెట్టి మరీ వెళ్లాను. పన్నెండింటికి కేసు మళ్లీ వాయిదా పడింది. కొత్త తారీఖు చెప్పగానే వాడు జేబులోంచి పెన్ను తీసి ఫైలు అట్ట మీద రాసుకున్నాడు. నేను ఫోన్లో రాసుకున్నాను.