మిషన్లో ఏసమ్మ పేరు

నౌపడ డేవిడ్‌రాజు కలకత్తాలో ఒక కంపెనీ కంప్యూటర్ దగ్గర పనిచేసేవాడు. ఆ మిషన్లో తెరచాటున నడిచే పనులు కొన్నుంటాయి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టాలి. ఇంటిమీది బెంగతో అతను అయినవాళ్ల పేర్లు పెట్టుకున్నాడు. అరవైతొమ్మిది క్రిస్మస్‌కి ఊరొచ్చినప్పుడు భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాడు.

"నా పేరేటి సేస్తాదిరా?" అంది ఏసమ్మత్త, చేపల పులుసు వడ్డిస్తూ.

"ఎవులికీ కనపడకుండా ఎనకాల కాయితాలన్నీ అచ్చేస్తాదత్తా. అది ఆగితే ఆఫీసే ఆగిపోతాది."

ఆమె భర్త, సంఘపెద్ద ఆదాము మీసం సవరించుకున్నాడు. "మరి నాదో?"

డేవిడ్‌రాజు ముద్ద కలుపుతూ చెప్పాడు. "నీది ఆపేసినాను మావా. పనేటీ సెయ్యకుండా సోటంతా తినేస్తంది."

అందరూ పకపకా నవ్వారు. ఆదాము కంచం ముందునుంచి లేచిపోయాడు.

పిల్లనిస్తానన్న మావతో పేచీ ఎందుకని, కలకత్తా చేరగానే డేవిడ్‌రాజు అచ్చుపనికి ఏసమ్మ పేరు తీసేసి ఆదాము పేరు పెట్టి, ఇంటికి కబురంపాడు. పని మాత్రం అదే.

ఈస్టరుకు అతను ఊరొచ్చేసరికి ఆదాము గుడి ముంగిట నిలబడి, "కలకత్తా కంపెనీ కాయితాలన్నీ నేనే అచ్చేస్తన్నాను!" అని అందరికీ చెబుతున్నాడు.

డేవిడ్‌రాజు తలొంచుకుని అత్త దగ్గరకు వెళ్లి తప్పయిపోయిందన్నాడు. ఆరాధనకొచ్చిన వాళ్లందరికీ టీలు పోస్తున్న ఏసమ్మ చెయ్యి ఆపలేదు.

"పోన్లేరా. ఈ టీ కూడా మీ మావే ఇస్తన్నాడని పాస్టరుగారు ఇప్పుడే సెప్పినారు."